సంజాయిషీ ఇంకా అందలేదు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వారం క్రితం కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ప్రత్యేక సంచికలో వేసుకోవడానికి వీలుగా మీకు తోచిన విషయంపై ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకంటే బాగా మాట్లాడగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఫుట్‌బాల్ గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మౌనం. తర్వాత, "ఫుట్‌బాలా? ఈ రోజుల్లో ఎవరు చూస్తున్నారండీ?" అన్నారు. ఆయన అడిగిన ఆ ప్రశ్నే ఈనాటి నా విషయం. ఎవరు చూస్తున్నారు? చూసేవాళ్ళు ఏమయ్యారు? చూడకపోతే మనకు పోయేదేమిటి?

నా చిన్నప్పుడు ఈ ప్రశ్న హైదరాబాదులో ఎవరైనా అడిగి ఉంటే నవ్విపోయేవారు. మా నాన్నగారు ఒక ప్రెస్సులో బైండరు. సాయంత్రం డ్యూటీ దిగగానే నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని శాలిబండ నుంచి చార్మినార్, నయాపూల్, ఆబిడ్స్ మీదుగా ఫతేమైదాన్‌కు తొక్కేవారు. తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అయింది అదే. టికెట్టు దొరకనివాళ్ళు చెట్లెక్కేవారు. ఇంకొందరు నౌబత్ పహాడ్ మీద కూర్చుని చూసేవారు. అంత ఎత్తు నుంచి బంతి కనపడుతుందా అని అడిగితే, "బంతి కనపడకపోయినా అరుపు వినపడుతుంది కదా" అనేవారు మా నాన్న.

ఆ రోజుల్లో సిటీ పోలీస్ జట్టంటే ఈ ఊరికి ఎంత గర్వమో కుర్రవాళ్ళకు చెబితే నమ్మరు. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచారు. 1950లో డ్యూరాండ్ కప్పు గెలిచారు. దాని వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆయన బడిపంతులు. అందరూ రహీం సాబ్ అనేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలి, బంతిని దగ్గర పెట్టుకోకుండా వెంటనే అందించాలి అని నియమాలు పెట్టి ప్రత్యేకంగా పోటీలు నడిపించేవారట. ఆయన శిక్షణలోనే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చింది. ఆ రోజు మా వాడలో హోటలు ముందు రేడియో చుట్టూ ఉన్న గుంపులో నేనూ ఉన్నాను. నాకు పదకొండేళ్ళు. గోల్‌లో నిలబడ్డ తంగరాజ్, ముందు వరుసలో బలరామ్, మధ్యలో యూసుఫ్ ఖాన్, అంతా మన జంటనగరాలవాళ్ళే. మరుసటి ఏడాది జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చాకే ఆయనెవరో మా మనవడికి తెలిసింది.

ఇక నా సంగతి. 1973లో నేను ఎల్.డి.సి.గా చేరాను. ఏ శాఖో చెప్పను, మీకు తెలుసు. నా పక్క టేబులు మిత్రుడి పేరు కూడా చెప్పను. ఆయన కంటోన్మెంటు ప్రాంతం మనిషి. చిన్నప్పుడు ఇ.ఎం.ఇ. సెంటర్ జట్టును చూస్తూ పెరిగాడు. సికింద్రాబాద్ నుంచి ఏ జట్టు దిగినా అది ఆయనదే. నాకు పోలీసు జట్టు తప్ప మరొకటి లేదు. సికింద్రాబాదును పాతవాళ్ళు లష్కర్ అంటారు కదా, నేను ఆయన్ను లష్కర్ అనేవాణ్ణి. ఆయన నన్ను పట్నం అనేవాడు. సెక్షన్‌లో మా అసలు పేర్లు హాజరుపట్టీలో మాత్రమే ఉండేవి.

మ్యాచ్ అయిన మర్నాడు ఓడినవాడు సెక్షన్ మొత్తానికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాలి. అది ఒప్పందం. కానీ చాయ్ కంటే ముందు మెమో వచ్చేది. పొద్దున నేను వచ్చేసరికి నా టేబులు మీద పేపర్‌వెయిట్ కింద ఒక కాగితం ఉండేది. "విషయం: నిన్నటి సాయంత్రం పోలీసు జట్టు పరాజయము – సంజాయిషీ కోరుట గురించి. సూచిక: స్కోరు బోర్డు. పై విషయమై తమరు 24 గంటలలోగా సంజాయిషీ సమర్పించవలసినది. లేనియెడల తదుపరి చర్య తీసుకొనబడును." తదుపరి చర్య అంటే రెండో చాయ్. నేను మార్జిన్‌లో "రిఫరీపై విచారణ జరుగుచున్నందున గడువు పొడిగించ ప్రార్థన" అని రాసి తిప్పి పంపేవాణ్ణి. మా సూపరింటెండెంటుగారు ఒకసారి పొరపాటున దానిమీద ఇనీషియల్ కూడా వేశారు.

ఈ ఎకసెక్కాలు మా ఒక్కరివే కావు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అభిమానులది ఇంకా పెద్ద కథ. తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళకు పులస జాతి ఇలిష్ చేప, పడమటివాళ్ళకు రొయ్యలు గుర్తు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే బజారులో ఇలిష్ ధర పెరుగుతుంది, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర పెరుగుతుంది అని అక్కడి నానుడి. 1997లో ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్‌కు సాల్ట్ లేక్ స్టేడియంలో 1,31,000 మంది కూర్చున్నారు. ఆ మ్యాచ్‌కు ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా అవతలి ఆటగాళ్ళ పేర్లను వంకరగా పలికి ఎగతాళి చేశారు. ఆ ఎగతాళికి గురైనవారిలో ఒకరు బైచుంగ్ భూటియా. మ్యాచ్‌లో బైచుంగ్ మూడు గోళ్ళు కొట్టాడు. ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. అదీ సంజాయిషీ అంటే!

అయితే ఎకసెక్కానికి ఒక గీత ఉంటుంది. అదే నగరంలో 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌లో గ్యాలరీలో కొట్లాట మొదలై, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. ఆట చూడటానికి వెళ్ళినవాళ్ళు. ఆ రోజును ఇప్పటికీ అక్కడ రక్తదానం చేసి జ్ఞాపకం చేసుకుంటారు.

ఆ గీత నేను కూడా దాటాను. ఈ సంగతి ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. 1984లో ఒక మ్యాచ్‌లో మా జట్టు గెలిచింది. మర్నాడు మెమో రాయడం నా వంతు. అదే రోజు ఉదయం అకౌంట్స్ టెస్ట్ ఫలితాలు వచ్చాయి. లష్కర్ మూడోసారి తప్పాడు. ఆ పరీక్ష లేకపోతే ప్రమోషన్ లేదని మీకు తెలుసు. నాకు ఫలితం తెలుసు. తెలిసే రాశాను. "తమ జట్టు గోలుకీపరుకును తమకును గల పోలిక గమనించడమైనది. మూడుమార్లు ప్రయత్నించినను చేతికి చిక్కలేదు" అని. పైగా అందరికీ చదివి వినిపించాను. సెక్షన్ అంతా నవ్వింది. ఆయన కూడా ఒక క్షణం నవ్వాడు. తర్వాత ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ తెప్పించాడు. తాను తాగలేదు. నెల తిరక్కుండా బదిలీ కోరుకుని వెళ్ళిపోయాడు.

నేను ఉత్తరం రాద్దామనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకున్నాను. మన ఉద్యోగంలో పెండింగు ఫైలు సంగతి తెలిసిందే కదా, మొదటి వారం పైన ఉంటుంది, తర్వాత అడుగుకు పోతుంది. ఇది 35 ఏళ్ళు అడుగునే ఉండిపోయింది.

ఆ సంవత్సరాల్లోనే మైదానాలూ ఖాళీ అవుతూ వచ్చాయి. కారణాలు అందరికీ తెలిసినవే, అయినా పేరాలవారీగా పుటప్ చేస్తాను. మొదటిది, 1982లో రంగుల టీవీ వచ్చింది, 1983లో క్రికెట్ ప్రపంచకప్పు వచ్చింది. పిల్లల చేతికి బ్యాటు వచ్చింది. రెండవది, ఒకప్పుడు పోలీసు, రైల్వే, బ్యాంకుల జట్లలో ఆడితే ఉద్యోగం దొరికేది. ఆటగాడు మన వీధివాడే, మన ఆఫీసువాడే కాబట్టి చూసేవాడూ వచ్చేవాడు. ఆ నియామకాలు తగ్గాక ఆ బంధుత్వం తెగింది. మూడవది, 1990లలో శాటిలైట్ చానళ్ళు వచ్చి ఇంగ్లండ్ ఆటను మన ముందుగదిలోకి తెచ్చాయి. అంత వేగం, అంత పచ్చగడ్డి చూసిన కంటికి మన మైదానం ఆనలేదు. నాలుగవది, దూరం. ఫతేమైదాన్ ఊరి నడుమ ఉండేది. ఆఫీసు వదిలి నడిచి వెళ్ళేవాళ్ళం. గచ్చిబౌలిలో రాత్రి 7.30కు మొదలయ్యే ఆటకు పాతబస్తీ మనిషి వెళ్ళి, 9.30 దాటాక తిరిగి ఇల్లు చేరడం ఎలా? మెట్రో రాయదుర్గం దాకే.

ఇది హైదరాబాదుకే పరిమితం కాదు. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైనప్పుడు మొదటి రెండు సీజన్లలో మ్యాచ్‌కు సగటున ఇరవై వేలకు పైగా జనం వచ్చారు. కొన్నేళ్ళకే ఆ సంఖ్య బాగా పడిపోయింది. కలకత్తాలో కూడా ఆ ఇద్దరి మధ్య పోటీకి తప్ప మామూలు మ్యాచ్‌కు గ్యాలరీ నిండడం అరుదు. సినిమా తారలను చూడటానికి వచ్చినవాడు రెండుసార్లు వస్తాడు. తన జట్టును చూడటానికి వచ్చినవాడు వానలో కూడా వస్తాడు. జట్టు తనదనిపించాలంటే ఏళ్ళు పడుతుంది.

ఇక మళ్ళీ లష్కర్ దగ్గరికి వస్తాను. 2019లో మన నగరానికి హైదరాబాద్ ఎఫ్.సి. అనే క్లబ్బు వచ్చింది. నవంబరు 2న గచ్చిబౌలిలో మొదటి సొంత మ్యాచ్, కేరళ బ్లాస్టర్స్‌తో. మా మనవడు బలవంతం చేస్తే వెళ్ళాను. చుట్టూ చూస్తే మనవాళ్ళకంటే పసుపు చొక్కాల కేరళ కుర్రాళ్ళే ఎక్కువనిపించింది. వాళ్ళు డప్పులు కొట్టి పాడుతుంటే మనవాళ్ళు ఫోనులో ఫొటోలు తీసుకుంటున్నారు. ముందు గోల్ కూడా వాళ్ళదే. నేను ఉస్సూరుమంటూ కూర్చుంటే, వెనక రెండు వరుసల పైనుంచి ఒక గొంతు వినిపించింది. "క్యా పట్నం! సంజాయిషీ ఇంకా అందలేదు!"

తిరిగి చూశాను. జుట్టంతా తెల్లబడింది, చేతిలో కర్ర. కానీ ఆ గొంతు అదే. నాకు నోట మాట రాలేదు. పక్కన చోటు చూపించాను. ఆయన మెల్లగా దిగివచ్చి కూర్చున్నాడు. "నాలుగోసారి పాసయ్యాను. నీకు కాపీ పంపలేదు" అన్నాడు. నేనేదో మొదలుపెట్టబోతే, "ముందు మ్యాచ్ చూడు" అన్నాడు. రెండో సగంలో మనవాళ్ళు పెనాల్టీతో సమం చేశారు. ఆట ముగియడానికి పది నిమిషాల ముందు మార్సెలినో ఫ్రీకిక్‌తో 2-1 చేశాడు. ఇద్దరం లేచి, ఒకరి భుజం ఒకరం పట్టుకుని అరిచాం. మా మనవడు, "తాతా, కూర్చోండి, పడిపోతారు" అంటున్నాడు.

ఆట అయ్యాక ఆటో దొరక్క గేటు బయట గంటసేపు నిలబడ్డాం. ఆ గంటలో నేను చెప్పవలసింది చెప్పాను. ఆయన అంతా విని, మన ఆఫీసు భాషలోనే, "35 సంవత్సరముల జాప్యము మన్నించడమైనది. ఫైలు మూసివేయవచ్చును" అన్నాడు. నేను ఏడ్చాను. దాచుకోవడం దేనికి, అక్కడ చీకటిగా ఉంది.

తర్వాత కరోనా వచ్చింది. లీగు మొత్తం గోవాలో నడిచింది. 2022 మార్చి 20న మన జట్టు అదే కేరళ జట్టును ఫైనల్లో పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు గెలిచింది. గోలుకీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. నేను శాలిబండలో, ఆయన మల్కాజిగిరిలో, ఇద్దరం చెవి దగ్గర ఫోను పెట్టుకుని టీవీ చూశాం. మా ఇంట్లో టీవీ రెండు సెకన్లు వెనక. ప్రతిసారీ ఆయన అరుపు ముందు, బంతి తర్వాత. చూడండి విచిత్రం, నగరానికి వచ్చిన అంత పెద్ద కప్పు, ఆ సీజన్‌లో ఒక్క ఆట కూడా ఆ నగరం కళ్ళెదుట జరగలేదు.

మేమిద్దరం కలిసి చూసిన చివరి మ్యాచ్ 2023 మార్చి 9, మోహన్ బగాన్‌తో సెమీఫైనల్ మొదటి లెగ్. గోలు లేని డ్రా. మా స్టాండులో నాలుగు కుర్చీలకు మూడు ఖాళీ. అంతకు మూడు వారాల ముందే తులసీదాస్ బలరామ్ గారు పోయారు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్ళి, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, అక్కడే ఉండిపోయిన మనిషి. ఆట కంటే ఎక్కువ ఆయన గురించే మాట్లాడాడు లష్కర్. "మన ఊరి మనిషిని వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. మనం ఆయన ఇల్లెక్కడో కూడా గుర్తుపెట్టుకోలేదు" అన్నాడు. ఆ వానాకాలంలోనే ఆయనా వెళ్ళిపోయాడు.

2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలిలో జరిగితే ఒక్కణ్ణే వెళ్ళాను. ఆఖరి నిమిషాల్లో రోబీ హన్స్‌దా కొట్టిన ఒకే ఒక్క గోలుతో బెంగాల్ కేరళను ఓడించింది. 1956-57లోనూ, 1957-58లోనూ అదే ట్రోఫీని హైదరాబాద్ గెలిచిందని పక్కనున్న కుర్రాడికి చెబితే, "అంకుల్, మజాక్ చేస్తున్నారా?" అన్నాడు. 2025లో హైదరాబాద్ ఎఫ్.సి. పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. పెద్ద ఆందోళనేమీ జరగలేదు. ఖాళీ చేసిన ఇంటికి తాళం వేసినంత నిశ్శబ్దంగా జరిగింది.

కలకత్తాలో అయితే ఏం జరిగిందో చూడండి. 2020లో మోహన్ బగాన్ పేరు ముందు మరో క్లబ్బు పేరు చేర్చితే అభిమానులు మూడేళ్ళు ఊరుకోలేదు. 2023లో ఆ పేరు తీయించారు. 2024 ఆగస్టు 18న, ఒక డాక్టరమ్మకు జరిగిన ఘోరంపై నగరం అట్టుడుకుతుంటే, భద్రత కారణం చెప్పి డ్యూరాండ్ కప్పులో ఆ రెండు జట్ల మ్యాచ్ రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా రెండు జట్ల అభిమానులు స్టేడియం బయటికి వచ్చారు. ఇలిష్ వాళ్ళు, రొయ్యల వాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరెక్కి న్యాయం కావాలని నినదించారు. నూరేళ్ళు ఎకసెక్కాలాడుకున్నవాళ్ళు కాబట్టే ఆ రోజు ఒకటి కాగలిగారని నా నమ్మకం. తిట్టుకోవడానికైనా ముఖపరిచయం ఉండాలి కదా!

మా మనవడు ఇంగ్లండులోని లివర్‌పూల్ అభిమాని. అర్ధరాత్రి లేచి చూస్తాడు. ఫోనులో అవతలి జట్టు వాళ్ళతో తగాదా పడతాడు. ఒకసారి చదివి వినిపించమన్నాను. వాడు సిగ్గుపడ్డాడు. తల్లినీ చెల్లినీ కలిపిన మాటలవి. "ఎవరురా వీడు?" అంటే, "తెలీదు తాతా" అన్నాడు. అక్కడే తేడా ఉందనిపించింది నాకు. మా కాలంలో మేం పుణ్యాత్ములం కాము. నేను చేసింది ఇందాకే చెప్పాను. కానీ నేనన్న మాట ఎదుటివాడి ముఖం మీద ఎలా పడిందో నా కళ్ళతో చూశాను. అందుకే అది 35 ఏళ్ళు నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోనులో ముఖం లేదు. మర్నాడు చాయ్ తెప్పించవలసిన పని లేదు.

కాబట్టి సంఘానికి నా వినతి ఒక్కటే. మనం ఏటా తీర్థయాత్రకు బస్సు వేస్తున్నాం. సంవత్సరానికొకసారి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు కూడా వేద్దాం. పెద్ద క్లబ్బు వెళ్ళిపోయిందని ఆట వెళ్ళిపోలేదు. మన నగరపు శ్రీనిధి డెక్కన్ జట్టు ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. మనలో ఎంతమందికి తెలుసు? అదీ కాకపోతే మన బస్తీ గ్రౌండులో సాయంత్రం పిల్లలు ఆడుతుంటారు, వెళ్ళి గట్టు మీద కూర్చుందాం. ఇద్దరు ముసలివాళ్ళు చూస్తున్నారంటే ఆ పిల్లలు ఇంకాస్త బాగా ఆడతారు. ఒక మనవణ్ణో మనవరాలినో వెంట తీసుకెళ్ళండి. ఎదుటి జట్టును ఎలా ఆటపట్టించాలో, ఎక్కడ ఆపాలో కూడా నేర్పండి. జట్టును అనవచ్చు, మనిషి గాయాన్ని అనకూడదు. నాకు ఆలస్యంగా తెలిసింది.

మరొక మాట. మీలో ఎవరికైనా నాలాంటి పెండింగు ఫైలు ఉంటే దయచేసి ఈ వారమే తీయండి. నా అదృష్టం బాగుండి ఒక మ్యాచ్ జరిగింది, ఆయన వచ్చాడు, నేనూ వెళ్ళాను. ఇద్దరం ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉంటే ఆ ఫైలు ఇప్పటికీ అడుగునే ఉండేది.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ట్రెజరీకి వెళ్ళినప్పుడు లష్కర్ గుర్తొస్తాడు. మనం బతికున్నామని ఏడాదికోసారి ప్రభుత్వానికి రుజువు చూపిస్తున్నాం. ఏడాదికోసారి ఒకరికొకరం కూడా చూపించుకుందాం. టికెట్టు డబ్బులు ఎక్కువైతే ఈసారి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా ఖర్చు. ఎంతైనా ఓడింది నా జట్టే.